గర్భిణికైనా బాలింతకైనా తలనొప్పి వస్తే: మాత్రకు ముందు చేయాల్సినవి, వరుస తప్పకుండా

"తలనొప్పికి ఏ మాత్ర వేయమంటారు?" గర్భిణులు, బాలింతలు, వాళ్ల అమ్మలు, అత్తలు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వరంగల్ చుట్టుపక్కల ప్రసూతి వార్డుల్లో నర్సుగా పనిచేసిన నేను జవాబుకు ముందు ఎప్పుడూ ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: "బీపీ చూపించారా?"

ఇక్కడ రాసినదంతా ఆ వరుస గురించే. ముందు ప్రమాద లక్షణాలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత బీపీ. ఆ తర్వాత నీళ్లు, తిండి, విశ్రాంతి. మాత్ర అన్నిటికన్నా చివర. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు మందుల దుకాణం నుంచి మాత్ర వస్తుంది, తగ్గకపోతే బామ్, ఇంకా తగ్గకపోతే దిష్టి తీయడం. బీపీ చూసేసరికి రెండు రోజులు గడిచిపోతాయి.

గర్భిణుల తలనొప్పుల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. ఆ కొన్నింటిని వేరుచేసి పట్టుకోవడానికే ఈ వరుస. మీకు చికిత్స చేస్తున్న డాక్టరు వేరే సలహా ఇచ్చి ఉంటే ఆ మాటే పాటించండి.

1. ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

నొప్పి మొదలయ్యాక వెతుక్కోవడం కష్టం. ఐదో నెల నిండేలోపు ఇవన్నీ ఒక సంచిలో పెట్టుకోండి.

- బీపీ మిషన్: దండకు కట్టే డిజిటల్ రకం మంచిది. మణికట్టుకు కట్టేవి అంత నమ్మకంగా చూపించవు.
- మిషన్ కొనలేకపోతే: దగ్గరలోని ఉపకేంద్రం, పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన ఏ వేళల్లో తెరిచి ఉంటాయో ఒక కాగితంపై రాసుకోండి. అక్కడ బీపీ ఉచితంగా చూస్తారు.
- తల్లీబిడ్డల కార్డు, పాత రిపోర్టులు.
- లీటరు పట్టే నీళ్ల సీసా ఒకటి. ఇది కొలత కోసం.
- చిన్న నోటుబుక్కు, పెన్ను.
- మీ డాక్టరు సరేనన్న పారాసిటమాల్ మాత్రలు ఒక పట్టీ.
- 108, 102 నంబర్లతో పాటు మీ ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాల్లో. మీ ఫోను లాక్ పడి ఉంటే ఇంట్లో వాళ్లకు అవే దిక్కు.

ఇంకొక పని ఉంది, దీన్ని వాయిదా వేయకండి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఇప్పుడే తేల్చుకోండి. వరంగల్, హనుమకొండ వాళ్లకు సీకేఎం ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, పెద్ద ప్రమాదాలకు ఎంజీఎం ఉన్నాయి. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావాలంటే సుమారు వంద కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్నవాళ్లు "తెల్లారాక చూద్దాం" అనుకోకూడదు. ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేరి, అక్కడ మొదటి మందు పడ్డాక పెద్ద ఆసుపత్రికి బయలుదేరడమే మేలు.

2. వీటిలో ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా బయలుదేరండి

ఈ జాబితాను ఇంట్లో భర్త, అత్తమ్మ, అమ్మ కూడా చదవాలి. నొప్పితో ఉన్న మనిషికి తన లక్షణాలు తాను గుర్తించే స్థితి ఉండకపోవచ్చు.

- ఉన్నట్టుండి, నిమిషంలోపే భరించలేనంతగా వచ్చిన నొప్పి. "జన్మలో ఇంత నొప్పి ఎప్పుడూ రాలేదు" అనేది.
- చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, చుక్కలు, ఒకటి రెండుగా కనిపించడం.
- కుడివైపు పక్కటెముకల కింద లేదా పొట్ట పైభాగంలో నొప్పి, దానితో వాంతులు.
- ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బడం.
- ఊపిరి ఆడకపోవడం.
- మూర్ఛ, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మనుషుల్ని సరిగా గుర్తుపట్టలేకపోవడం.
- జ్వరంతో పాటు మెడ పట్టేసి, గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం.
- తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి.
- ఐదో నెల దాటాక కొత్తగా మొదలై, పారాసిటమాల్ వేసుకున్నా తగ్గని నొప్పి.

వీటితో పాటు బీపీ మామూలుగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మిషన్ మంచి అంకె చూపిస్తోందని ఆగిపోవద్దు.

ఉబ్బు గురించి ఒక మాట. నెలలు నిండేకొద్దీ సాయంత్రానికి పాదాలు వాయడం మామూలే. ముఖం, చేతులు వాయడం వేరు. శ్రీమంతంలో వేసిన గాజులు వారం తిరగకుండానే ముంజేతికి బిగుసుకుపోయి కదలకపోతే, పొద్దున లేవగానే కనురెప్పలు బరువుగా ఉంటే, ఆ రోజే బీపీ చూపించుకోండి. రోజూ గాజును ఒకసారి పైకీ కిందికీ తోసి చూసుకోమని నేను అందరికీ చెబుతాను.

మూర్ఛ వస్తే చేయాల్సింది ఇది:

1. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేయండి.
2. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, ఏదీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల కాలం వృథా తప్ప ఏ ఉపయోగమూ ఉండదు.
3. 108కి ఫోను చేసి "గర్భిణికి మూర్ఛ వచ్చింది" లేదా "బాలింతకు మూర్ఛ వచ్చింది" అని స్పష్టంగా చెప్పండి.
4. మూర్ఛ ఆగి తెలివి వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

గర్భంతో ఉన్నప్పుడో కాన్పు తర్వాతో బీపీ పెరిగి ఇలా మూర్ఛ వస్తే పెద్దలు గుర్రపువాతం అనేది దాన్నే. దీనికి ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను, బీపీ తగ్గించే మందులు ఇస్తారు. తొందరగా చేరితే తల్లీ బిడ్డా దక్కుతారు.

3. బీపీ సరిగ్గా చూసుకునే పద్ధతి

మిషన్ ఉన్న ఇళ్లలో కూడా సగం సార్లు తప్పు అంకె వస్తుంది. మెట్లెక్కి వచ్చి ఆయాసంతో కట్టుకుంటే ఎక్కువ చూపిస్తుంది, చిన్న పట్టీ కట్టినా అంతే.

1. మూత్రానికి వెళ్లి రండి. టీ తాగి అరగంట అయ్యి ఉండాలి.
2. గోడకో కుర్చీకో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోవద్దు.
3. చేతిని గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీదో దిండు మీదో ఆనించండి.
4. పట్టీని జాకెట్టు చేతి మీద కట్టవద్దు, చర్మానికే కట్టాలి. మోచేతి మడత కన్నా రెండు వేళ్ల పైన ఉండాలి.
5. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాసుకోండి.

వచ్చిన అంకెను బట్టి:

- 140/90 కన్నా తక్కువ, పై లక్షణాలు ఏవీ లేవు: ఇంట్లో జాగ్రత్తలు మొదలుపెట్టవచ్చు.
- పై అంకె 140 లేదా కింది అంకె 90 చేరింది: అదే రోజు ఆసుపత్రికి. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, రక్త పరీక్షలు చేస్తారు.
- పై అంకె 160 లేదా కింది అంకె 110 చేరింది: వెంటనే 108. తలనొప్పి ఉన్నా లేకున్నా.

రెండు అంకెల్లో ఏ ఒక్కటి గీత దాటినా దాటినట్టే. "పైది 138 ఉంది, బాగానే ఉంది" అని తృప్తిపడి, కింద 96 ఉన్న సంగతి పట్టించుకోని వాళ్లను చాలామందిని చూశాను.

4. ఏ నెలలో ఏ కారణం ఎక్కువ

మొదటి మూడు నెలల్లో తలనొప్పి చాలామందికి వస్తుంది. హార్మోన్లు మారతాయి, ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, వాంతులతో నీరు పోతుంది, తినాలంటే సయించదు. దీనికి తోడు "కడుపుతో ఉన్నావు, టీ మానెయ్" అని ఇంట్లో ఒక్కసారిగా మాన్పించేస్తారు. రోజుకు నాలుగు టీలు తాగే మనిషికి ఒక్క పూటలో ఆపితే ఆ మానడం వల్లే తలనొప్పి వస్తుంది. రెండు మూడు రోజులకు ఒక టీ చొప్పున తగ్గించుకుంటూ రండి. గర్భిణికి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు. అంటే చిన్న కప్పు టీ రెండు పూటలా తాగితే భయపడాల్సింది లేదు.

ముందు నుంచీ పార్శ్వనొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి నాలుగో నెల నుంచి అది తగ్గుముఖం పడుతుంది. కాన్పయ్యాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడంతో మళ్లీ తిరగబెట్టవచ్చు. గర్భం రాకముందు వాడుతున్న పార్శ్వనొప్పి మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, టోపిరమేట్, ఎర్గోటమిన్ ఉన్నవి, కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. గర్భం తేలిన రోజే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. మూర్ఛ కోసం కూడా అవి వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

రక్తహీనత అన్ని నెలల్లోనూ తల బరువుగా ఉండటానికి ఒక కారణం. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంటే గర్భిణిలో రక్తహీనతే. ఉపకేంద్రంలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటబట్టదు. కాల్షియం మాత్రతో కలిపి కూడా వేసుకోకూడదు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి. నిమ్మరసం పిండుకున్న నీళ్లతో ఐరన్ వేసుకుంటే మంచిది.

ఐదో నెల నిండాక, అంటే 20 వారాల తర్వాత, కొత్తగా వచ్చిన తలనొప్పిని బీపీ వల్లనే అనుకుని మొదలుపెట్టాలి. బీపీ కాదని తేలాకే మిగతా కారణాలు.

5. బీపీ మామూలుగా ఉంటే: మొదటి గంటలో చేయాల్సినవి

1. రెండు గ్లాసుల నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. వాంతి భావన ఉంటే చెంచాలతో. విరేచనాలు, వాంతులు అయి ఉంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి.
2. ఏమైనా తిని మూడు గంటలు దాటిందేమో చూసుకోండి. దాటితే ఒక సర్వపిండి ముక్కో, గుప్పెడు గుడాలో, అరటిపండో, గిన్నెడు మజ్జిగన్నమో తినండి.
3. వెలుతురు, శబ్దం తగ్గించి ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఫోను దూరంగా పెట్టండి.
4. నుదురు, కణతలు అదురుతున్నట్టు నొప్పి ఉంటే చల్లటి తడిగుడ్డ వేయండి. మెడ వెనుక నుంచి పట్టేసినట్టు ఉంటే గోరువెచ్చని గుడ్డతో మెడ, భుజాలు కాపండి.
5. ఎవరితోనైనా మెడ, భుజాలు మెల్లగా మర్దన చేయించుకోండి.

గంట గడిచాక నొప్పి ఎలా ఉందో నోటుబుక్కులో రాయండి. సగానికి తగ్గితే మాత్ర అక్కరలేదు.

శొంఠి గంధం నుదుటికి రాయడం వల్ల ఇబ్బంది లేదు. చర్మం మండితే కడిగేయండి. బామ్ కొద్దిగా రాయవచ్చు, కానీ పసిబిడ్డ ఉన్న తల్లి ఆ చేతులను సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను పట్టుకోవాలి. కర్పూరం, మెంథాల్ ఘాటు పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. బిడ్డ ముక్కు దగ్గర అసలు రాయకూడదు.

6. మాత్ర వేసుకోవాల్సి వస్తే

గర్భిణికి తలనొప్పికి మొదటి మందు పారాసిటమాల్. 500 లేదా 650 మిల్లీగ్రాములది ఒకటి. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగండి. రోజులో మూడు మాత్రలు చాలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, వరుసగా రెండు రోజులు వేసుకోవాల్సి వచ్చినా మూడో రోజు వెళ్లండి. ఐదో నెల దాటాక కొత్తగా వచ్చిన నొప్పి మాత్రకు తగ్గకపోతే మాత్రం అన్నాళ్లు ఆగవద్దు, పైన చెప్పినట్టు వెంటనే బయలుదేరండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. జలుబు మాత్రల్లో కూడా చాలావరకు పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపితే మోతాదు దాటిపోతుంది.

2025లో పారాసిటమాల్‌కు, పిల్లల్లో ఆటిజానికి ముడిపెడుతూ వార్తలు వచ్చాక చాలామంది గర్భిణులు భయపడ్డారు. ఆ సంబంధాన్ని నిర్ధారించే ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే ప్రకటించింది. అవసరమైనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వేసుకోండి.

గర్భిణి తనంతట తాను వేసుకోకూడనివి:

- ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఉన్నవి. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా ఉంటుంది. 20 వారాల తర్వాత ఇవి కడుపులో బిడ్డ కిడ్నీలపై పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు. నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ ప్రమాదమే.
- నొప్పి తగ్గించే మోతాదులో ఆస్పిరిన్.
- శారిడాన్ వంటి రెండు మూడు మందులు కలిసిన మాత్రలు.
- ఎర్గోటమిన్ ఉన్న పార్శ్వనొప్పి మాత్రలు.

ఇక్కడ ఒక తికమక ఉంది. బీపీ ముప్పు ఉన్నవాళ్లకు డాక్టర్లు 75 లేదా 150 మిల్లీగ్రాముల చిన్న ఆస్పిరిన్ రోజూ రాత్రి వేసుకోమని రాస్తారు. అది తలనొప్పికి కాదు, బీపీ ముప్పు తగ్గించడానికి. "ఆస్పిరిన్ వద్దన్నారు కదా" అని దాన్ని ఆపేయవద్దు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఒక సూది వేయించుకుంటే పోతుంది" అని వెళ్లే అలవాటు మానుకోండి. ఆ సూదిలో ఎక్కువసార్లు ఉండేది డైక్లోఫెనాకే. బీపీ వల్ల వచ్చిన నొప్పి దానితో కాసేపు మొద్దుబారవచ్చు. బీపీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

7. పని, ఎండ, ఉపవాసం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే తల్లులు చెప్పే తలనొప్పి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. చాట ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన తునికాకు మీదికి తల వంచి, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి మెడ వెనుక నరాలు రాయిలా బిగుసుకుంటాయి. నొప్పి అక్కడ మొదలై నెత్తి మీదుగా కళ్లకు దిగుతుంది. కడుపు పెరిగేకొద్దీ చాట ముందుకు జరుగుతుంది, మెడ ఇంకా వంగుతుంది.

- వీలైతే గర్భంతో ఉన్నన్నాళ్లూ బీడీ పని మానండి. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది.
- మానలేకపోతే చాటను ఎత్తు పీట మీద పెట్టి, గోడకు వీపు ఆనించి చుట్టండి. మెడ వంగకుండా చూపు కిందికి దిగితే చాలు.
- అరగంటకు ఒకసారి లేచి పది అడుగులు నడవండి, భుజాలు వెనక్కి తిప్పండి.
- తలుపులు, కిటికీలు తెరిచి పెట్టండి. అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

మిరప ఏరడానికి, పత్తి తీయడానికి వెళ్లేవాళ్లు ఉదయం పదింటికల్లా ఎండ నుంచి నీడకు రావాలి. తలకు తడి తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పని చేస్తూ తల తిరిగి, చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ, తలనొప్పి మాత్రతో పోయేది కాదు. ఒంటి మీద నీళ్లు చల్లుతూ, తడిగుడ్డలతో తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఉపవాసాలు, శివరాత్రి జాగారం ఈ ఏడాదికి పక్కన పెట్టండి. ఖాళీ కడుపు, నిద్రలేమి రెండూ పార్శ్వనొప్పిని తట్టి లేపుతాయి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం ఇస్తున్నారు. వెళ్లి తినండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

8. కాన్పు తర్వాత మొదటి పది రోజులు

ఇది రాయాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

బిడ్డ పుట్టాక బీపీ తగ్గిపోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది ఎక్కువగా పెరుగుతుంది. మామూలు కాన్పయితే మూడో రోజుకు ఇంటికి పంపిస్తారు. అంటే బీపీ పెరిగే రోజుల్లో తల్లి ఇంట్లో ఉంటుంది, చూసే నర్సు ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకూ ఇది రావచ్చు. ఆరు వారాల వరకూ ఆ ముప్పు ఉంటుంది.

ఒకసారి ఆరో రోజు బాలింతను ఆటోలో తీసుకొచ్చారు. మూడో రోజు బీపీ బాగానే ఉందని ఇంటికి వెళ్లిన అమ్మాయి. చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన గుడ్డ, నుదురంతా బామ్‌తో మెరుస్తోంది. "నిన్నటి నుంచి తల పట్టుకుని ఏడుస్తోంది, చలి తగిలిందనుకున్నాం" అంది వాళ్లమ్మ. పట్టీ కట్టడానికి చెయ్యి అందుకుంటే గాజులు కదలలేదు. బీపీ 170/110. పక్క తిప్పేలోపే మూర్ఛ వచ్చింది. మందులు వెంటనే పడ్డాయి, ఆ అమ్మాయి వారానికి బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని "ఒక్కరోజు ముందు మాకెవరూ చెప్పలేదే తల్లీ" అంది. ఆ మాట నేను మరచిపోలేదు.

కాబట్టి మొదటి పది రోజులు ఇలా చేయండి:

- ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు చివరి బీపీ ఎంతో అడిగి కార్డులో రాయించుకోండి.
- ఇంట్లో మిషన్ ఉంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి.
- లేకపోతే కనీసం మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు చూపించుకోండి. ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డ బరువుతో పాటు "నా బీపీ సంగతి చూడండి" అని మీరే అడగండి.
- గర్భంలో లాబెటలాల్, నిఫెడిపిన్ వంటి బీపీ మందులు వాడినవాళ్లు డాక్టరు చెప్పేదాకా ఆపవద్దు.
- తలనొప్పి వస్తే "చలి", "వాతం" అనే ముందు బీపీ. గుడ్డ కట్టుకోవాలంటే కట్టుకోండి, బీపీ చూపించుకున్నాక కట్టుకోండి.

9. బాలింతకు నీళ్లు ఆపవద్దు

"నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది బిడ్డా, పుండు చీము పడుతుంది" అని మన ఇళ్లలో బాలింతకు పూటకు అర గ్లాసు మాత్రమే ఇస్తారు. కారప్పొడి, వెల్లుల్లి, వేడన్నం పత్యం మీద నాకు అభ్యంతరం లేదు. నీళ్లు ఆపడం మీద ఉంది.

కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. పాలతో, చెమటతో నీరు పోతుంది. దానికి తోడు తాగడం ఆపేస్తే రక్తం చిక్కబడి మెదడులోని సిరల్లో గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుంది. మొదట కనిపించేది తలనొప్పే. రోజురోజుకూ పెరుగుతూ, పడుకుంటే ఎక్కువవుతూ, తర్వాత వాంతులు, చూపు మసక, మూర్ఛ, ఒక పక్క పడిపోవడం. బీపీ మామూలుగా ఉన్నా ఇలాంటి నొప్పికి తల స్కానింగు కావాలి. తొందరగా పట్టుకుంటే మందులతో నయమవుతుంది.

- రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు. లీటరు సీసా రోజుకు మూడుసార్లు నింపి ఖాళీ చేయడమే లెక్క.
- చల్లనివి వద్దంటే గోరువెచ్చని నీళ్లే ఇవ్వండి. జీలకర్ర నీళ్లు, పలుచని అంబలి, పాలు, చారు కూడా లెక్కలోకి వస్తాయి.
- బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు.
- మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. ముదురు పసుపు అయితే చాలడం లేదు.
- మంచం దిగకుండా పడి ఉండవద్దు. మెల్లగా అటూ ఇటూ నడవండి.

గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి చికిత్సలో ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

అత్తమ్మతోనో అమ్మతోనో వాదించలేకపోతే ఆశ కార్యకర్తను ఇంటికి పిలిపించి ఆమె నోటితో చెప్పించండి. పెద్దవాళ్లు చెడు కోరి చేయడం లేదు, వాళ్లకూ అలాగే చేశారు. బిడ్డకు పాలు పెరుగుతాయని చెబితే చాలామంది తామే గ్లాసు నింపి ఇస్తారు.

కిటికీలు మూసిన గదిలో పూటపూటా సాంబ్రాణి పొగ కూడా తలనొప్పి తెస్తుంది. బిడ్డ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. తల ఆరబెట్టుకోవడానికి పొడి తువ్వాలు, కాస్త ఎండ చాలు.

10. సిజేరియన్ తర్వాత, కూర్చుంటే పెరిగే నొప్పి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దాదాపు అందరికీ వెన్నులో మత్తు సూది వేస్తారు. కొందరిలో ఆ రంధ్రం నుంచి వెన్నులోని ద్రవం ఊరి తలనొప్పి వస్తుంది.

గుర్తు సులువు. లేచి కూర్చోగానే నొప్పి నుదుటి నుంచి మెడదాకా పట్టేస్తుంది, పడుకుంటే కాసేపట్లో తగ్గుతుంది. ఎక్కువగా మొదటి మూడు రోజుల్లో మొదలవుతుంది. మెడ బిగుసుకోవడం, చెవుల్లో హోరు కూడా ఉండవచ్చు.

1. ముందు బీపీ చూపించుకోండి. మత్తు సూది నొప్పే అనుకుని వదిలేయవద్దు.
2. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికే ఫోను చేసి, మత్తు డాక్టరుకు చెప్పమనండి.
3. ఇంట్లో నీళ్లు బాగా తాగండి, పారాసిటమాల్ వేసుకోండి, ఒక కప్పు కాఫీ తాగవచ్చు. బిడ్డకు పడుకునే పాలివ్వండి.
4. రెండు రోజుల్లో తగ్గకపోతే, లేవలేకపోతే మీ రక్తాన్నే కొద్దిగా తీసి వెన్ను దగ్గర ఎక్కించి రంధ్రాన్ని మూసే చికిత్స ఉంది. చాలామందికి వెంటనే హాయినిస్తుంది. భయపడవద్దు.
5. పడుకున్నా తగ్గకుండా నొప్పి తీరు మారితే వెంటనే ఆసుపత్రికి. జ్వరం వస్తే కూడా.

"ఆపరేషన్ అయ్యాక తల ఎత్తావు, అందుకే వచ్చింది" అని తల్లిని నిందిస్తారు. తల ఎత్తడం వల్ల రాదు, కదలకుండా పడుకున్నందువల్ల ఆగదు.

11. పాలిచ్చే తల్లి: మాత్రలు, కూర్చునే తీరు, నిద్ర

పాలిచ్చేటప్పుడు పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్ కూడా పాలలోకి చాలా తక్కువగా వెళుతుంది, కానీ బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లు అడిగే వేసుకోవాలి. నొప్పి మోతాదు ఆస్పిరిన్, కోడీన్ వద్దు. తలనొప్పి మాత్ర కోసం పాలు మాన్పించడం అక్కరలేని పని.

బిడ్డ వైపు తల్లి వంగడం పెద్ద పొరపాటు. వీపు వెనుక దిండు, ఒళ్లో ఇంకో దిండు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి. బిడ్డ నోరు పట్టాక మీ తల గోడకు ఆనాలి.

నిద్ర సంగతి ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంది. రాత్రి ఒకసారైనా పాలిచ్చాక బిడ్డను వేరే ఎవరైనా ఎత్తుకుని, తల్లికి వరుసగా మూడు నాలుగు గంటలు నిద్ర దొరకనివ్వండి. చుట్టాలు చూడడానికి వచ్చేది మధ్యాహ్నం తల్లి పడుకునే వేళ కాకుండా చూసుకోండి.

రోజూ తలనొప్పితో పాటు ఊరికే ఏడుపు, బిడ్డ మీద మనసు పోకపోవడం, బతకాలని లేదనిపించడం రెండు వారాలు దాటితే అది కూడా చికిత్స ఉన్న జబ్బే. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చెప్పండి.

12. డాక్టరుకు చూపించాల్సిన పేజీ

"తలనొప్పి ఉంది" అని మాత్రమే చెబితే డాక్టరుకు పెద్దగా తెలిసేదేమీ ఉండదు. నోటుబుక్కులో ప్రతి నొప్పికి ఒక వరుస రాయండి:

- తేదీ, మొదలైన వేళ, ఎంతసేపు
- ఎక్కడ: ఒక పక్కా, మెడ వెనుకా, తలంతానా
- లేస్తే పెరిగిందా, పడుకుంటే పెరిగిందా
- చూపు, వాంతులు, ఉబ్బు
- అప్పటి బీపీ
- అంతకుముందు తిన్నది, తాగిన నీళ్లు, పడుకున్న గంటలు
- వేసుకున్న మాత్ర, తగ్గిందా లేదా

నెలలో పదిహేను రోజులు మాత్ర వేసుకున్నట్టు ఆ పేజీలో తేలితే, ఆ మాత్రలే తలనొప్పి తెస్తూ ఉండవచ్చు. అది కూడా చూపించండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే రోజు. ఈ పేజీ ఆ రోజు తీసుకెళ్లండి. కాన్పయిన ఆరు వారాలకు బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు మీ బీపీ, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఈ కాన్పులో బీపీ వచ్చి ఉంటే కార్డు మొదటి పేజీ మీద పెద్దగా రాయించుకుని దాచండి. మళ్లీ గర్భం వస్తే మూడో నెల నిండేలోపే ఆ కార్డు డాక్టరు ముందు పెట్టాలి. చిన్న ఆస్పిరిన్ మొదలుపెట్టాల్సింది అప్పుడే.